వర్చువల్ మెషీన్‌కు వేళ ఎవరు చెప్పాలి?

(సిస్టమ్ నిర్వాహకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక లాగ్ ఫైలులోని రెండు వరుసలతో మొదలుపెడతాను. మొదటి వరుసలో వేళ 2 గంటల 14 నిమిషాల 50 సెకన్లు. వెంటనే దాని కింద ఉన్న వరుసలో 2 గంటల 13 నిమిషాల 36 సెకన్లు. మొదటిది ఒక అభ్యర్థన వచ్చినట్టు రాసిన వరుస, రెండోది అదే అభ్యర్థన పూర్తయినట్టు రాసిన వరుస. అంటే పని మొదలు కావడానికి 74 సెకన్ల ముందే అది ముగిసిందన్నమాట. ఆ లాగ్ రాసింది డేటాబేస్ నడిపే ఒక వర్చువల్ మెషీన్, అంటే అసలు యంత్రం మీద సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన యంత్రం. దాన్ని చూసుకునే బాధ్యత నాది. తెల్లవారే వరకు డేటాబేస్‌ను అనుమానించాను, డిస్కును అనుమానించాను, ప్రోగ్రామ్ రాసినవారిని నిద్ర లేపి ప్రశ్నలు వేశాను. గడియారాన్ని మాత్రం అనుమానించలేదు. గడియారం తప్పు చెబుతుందని తట్టకపోవడానికి కారణం, అది ఎలా నడుస్తుందో నేను అప్పటికి ఎన్నడూ ఆలోచించకపోవడమే. ఆ 74 సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయో కాసేపట్లో చెబుతాను. దానికి ముందు కొంత పునాది కావాలి.

గడియారం అనే మాటలో గడియ ఉంది. గడియ అంటే 24 నిమిషాలు. పూర్వం అడుగున సన్నని బెజ్జం ఉన్న గిన్నెను నీటి మీద వదిలేవారు. అది నిండి మునిగితే ఒక గడియ గడిచినట్టు. మునిగిన గిన్నెను తీసి మళ్లీ నీటి మీద పెడుతూ, ఎన్నోసారి మునిగిందో లెక్క పెట్టడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. గిన్నె ఎంత కొలతగా చేసినదైనా సరే, ఆ మనిషికి కునుకు పడితే గడియలు లెక్కకు అందకుండా పోతాయి.

పాత కంప్యూటర్ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం, వేళను లెక్కపెట్టింది అచ్చం ఇలాగే. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఒక టైమర్ చిప్ ఉండేది. సెకనుకు సుమారు 11,93,182 సార్లు కొట్టుకునే ఆ చిప్, కెర్నల్ కోరినన్నిసార్లు ప్రాసెసర్‌ను తట్టి లేపుతుంది. ఆ తట్టడాన్నే టిక్ అంటాం. పీసీల మీద లైనక్స్ 2.4 కెర్నల్ సెకనుకు 100 టిక్కులు అడిగేది. 2.6 వచ్చేసరికి అవి 1000 అయ్యాయి. ఒక్కో టిక్కుకు ఒక్కో మిల్లీసెకను కలుపుకుంటూ పోతే వేళ తెలుస్తుంది. నిజమైన యంత్రం మీద ఇది బాగానే నడిచింది, ఎందుకంటే ప్రాసెసర్ ఎప్పుడూ మెలకువగానే ఉండేది.

వర్చువల్ మెషీన్ సంగతి వేరు. గెస్ట్, అంటే ఆ వర్చువల్ మెషీన్, తాను ఎప్పుడూ నడుస్తున్నానే అనుకుంటుంది. వాస్తవంలో హైపర్‌వైజర్, అంటే వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్, దానికి కొంతసేపు ప్రాసెసర్ ఇస్తుంది, కొంతసేపు పక్కన పెట్టి ఇంకో గెస్ట్‌కు ఇస్తుంది. 30 మిల్లీసెకన్లు పక్కన పెట్టిందంటే 30 టిక్కులు బకాయి పడ్డాయి. వాటిని ఏం చేయాలి? వదిలేస్తే గెస్ట్ గడియారం వెనకబడుతుంది. ఒక్కసారిగా అన్నీ ఇస్తే ఆ కాసేపు గెస్ట్‌లో కాలం పరుగెత్తుతుంది. నెమ్మదిగా ఇస్తే కొంతసేపు వెనకబడి, తర్వాత కలుస్తుంది. హైపర్‌వైజర్ అమరికల్లో టిక్ పాలసీ అని కనిపించేది ఈ బకాయి తీర్చే పద్ధతే. పైగా హోస్ట్ అనే ఒక అసలు యంత్రం మీద 20 గెస్ట్‌లు ఉండి, ఒక్కొక్కటి సెకనుకు 1000 టిక్కులు అడిగితే, ఏ పనీ లేకుండానే హోస్ట్ సెకనుకు 20,000 సార్లు ఉలిక్కిపడాలి. టిక్కులు లెక్కపెట్టి వేళ తెలుసుకునే పద్ధతి వర్చువల్ మెషీన్‌కు తగదని నేను గట్టిగా అంటాను. ఏ పాలసీ పెట్టినా అది నష్టాన్ని ఎటు సర్దాలో చెబుతుందే తప్ప, నష్టాన్ని తప్పించదు.

లెక్కపెట్టే మనిషి నిద్రపోయినా ఫరవాలేదనిపించే సాధనం కావాలి. అంటే తనంతట తాను పెరుగుతూ పోయే ఒక అంకె. లేచినప్పుడు చూసుకుంటే చాలు, ఎంత గడిచిందో తెలిసిపోతుంది. క్లాక్ సోర్స్ అని మనం అనేది ఇలాంటి కౌంటర్‌నే.

పీసీలో ఇలాంటి కౌంటర్లు మూడు రకాలు కనిపిస్తాయి. ఏసీపీఐ టైమర్ సెకనుకు 35,79,545 సార్లు పెరుగుతుంది. చాలా యంత్రాల్లో ఇది 24 బిట్ల కౌంటరే కాబట్టి 4.7 సెకన్లకొకసారి నిండి మళ్లీ సున్నా అవుతుంది. గెస్ట్‌ను 5 సెకన్లు పక్కన పెడితే ఒక చుట్టు పూర్తిగా లెక్క తప్పే ప్రమాదం ఉంది. రెండోది హెచ్‌పెట్. ఇది చాలా యంత్రాల్లో సెకనుకు కోటీ 43 లక్షల సార్లకు పైగా పెరుగుతుంది. మూడోది టీఎస్‌సీ. 1993లో పెంటియంతో వచ్చిన ఈ కౌంటర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది. 64 బిట్లది. 3 గిగాహెర్ట్జ్ వేగంతో పెరిగినా నిండడానికి 190 ఏళ్లకు పైగా పడుతుంది.

వీటిలో ఏది మంచిదో తేల్చేది చదవడానికయ్యే ఖర్చు. మొదటి రెండూ ప్రాసెసర్ బయట ఉండే పరికరాలు. వర్చువల్ మెషీన్‌లో అవి అసలు పరికరాలు కూడా కావు, హైపర్‌వైజర్ నటించే పాత్రలు. గెస్ట్ హెచ్‌పెట్‌ను చదవబోయిన ప్రతిసారీ ప్రాసెసర్ ఆగి, నియంత్రణ హోస్ట్‌కు వెళ్లి, హోస్ట్ ఒక అంకె తయారుచేసి ఇచ్చి, మళ్లీ గెస్ట్‌కు తిరిగి రావాలి. టీఎస్‌సీని చదవడం ఒక్క ఆదేశం. ఆధునిక ప్రాసెసర్ల మీద హోస్ట్‌ను అడగకుండానే జరిగిపోతుంది. లైనక్స్‌లో ప్రోగ్రామ్ కెర్నల్‌లోకి కూడా వెళ్లకుండా వీడీఎస్‌ఓ అనే, కెర్నల్ ప్రోగ్రామ్‌లకు అందించే చిన్న కోడ్ దారిలోనే వేళ తెలుసుకుంటుంది. ఖర్చు పదుల నానోసెకన్లు. హెచ్‌పెట్ దారిలో అదే పని మైక్రోసెకన్లలోకి పోతుంది. ఒక ప్రోగ్రామ్ సెకనుకు లక్షసార్లు వేళ అడుగుతుందనుకోండి. ప్రతి లాగ్ వరుసకు, ప్రతి క్వెరీకి అడిగే ప్రోగ్రామ్‌లకు అది పెద్ద అంకె కాదు. ఒక్కోసారి 2 మైక్రోసెకన్లు పడితే, సెకనులో అయిదో వంతు కేవలం గడియారం చూసుకోవడానికే పోతుంది. యంత్రం నెమ్మదించిందని ప్రాసెసర్లు పెంచమని అడిగినవారి వద్ద నేను మొదట చూసేది ఇదే. చూడడానికి ఒక్క నిమిషం చాలు. సిస్ డైరెక్టరీ కింద క్లాక్‌సోర్స్ విభాగంలో, ఇప్పుడు వాడుతున్నది ఏదో చెప్పే ఫైలు ఒకటి, అందుబాటులో ఉన్నవి చెప్పే ఫైలు ఒకటి ఉంటాయి. అందులో హెచ్‌పెట్ అనో ఏసీపీఐ అనో ఉంటే సగం జవాబు దొరికినట్టే.

అలాగైతే అన్నిచోట్లా టీఎస్‌సీ పెట్టేస్తే సరిపోదా? ఆ డేటాబేస్ మెషీన్‌కు నేను చేసింది సరిగ్గా అదే.

టీఎస్‌సీ ఒక అంకెను ఇస్తుందే గాని, ఆ అంకె సెకనుకు ఎంత పెరుగుతుందో తనంతట చెప్పదు. గెస్ట్ కెర్నల్ బూట్ అయ్యేటప్పుడు కొలిచి, ఇది 2.4 గిగాహెర్ట్జ్ అని ఒకసారి రాసుకుంది. అంటే కౌంటర్ 240 కోట్లు పెరిగితే ఒక సెకను. వారాల పాటు అంతా సజావుగా నడిచింది. ఒక రాత్రి నిర్వహణ పనుల కోసం ఆ మెషీన్‌ను నడుస్తుండగానే ఇంకో హోస్ట్‌కు తరలించారు. కొత్త హోస్ట్ ప్రాసెసర్‌ది 2.6 గిగాహెర్ట్జ్. టీఎస్‌సీ వేగాన్ని గెస్ట్‌కు తగినట్టు మార్చి చూపే స్కేలింగ్ సదుపాయం ఆ ప్రాసెసర్లలో లేదు. గెస్ట్‌కు తాను కదిలిన సంగతి కూడా తెలియదు. 240 కోట్లు రాగానే సెకను అయిందనుకుంటూ పోయింది. ఫలితంగా దాని గడియారం నూటికి 8.3 వంతు వేగంగా నడిచింది. బయట ఒక గంట గడిస్తే లోపల 65 నిమిషాలు.

నెట్‌వర్క్ ద్వారా వేళ దిద్దే ఎన్‌టీపీ ఉంది కదా, అది సరిదిద్దాలి కదా అంటారు. ఎన్‌టీపీ డీమన్, అంటే వెనకాల నడిచే దాని ప్రోగ్రామ్, గడియారపు వేగాన్ని మెల్లగా సవరించగలిగేది పది లక్షలకు 500 వంతుల వరకే. గంటకు 1.8 సెకన్లు. మా మెషీన్ గంటకు 300 సెకన్లు ముందుకు పోతోంది. ఇక చేతకాక, 128 మిల్లీసెకన్లు దాటిన తేడా చాలాసేపు నిలిచి ఉంటే, అది గడియారాన్ని ఒక్కసారిగా వెనక్కి తిప్పుతుంది. మేము వాడిన పాత వెర్షన్‌లో ఆ ఓపిక 900 సెకన్లు, అంటే పావుగంట. పావుగంటలో పేరుకునే తేడా 75 సెకన్లు. లాగ్‌లో కనిపించిన 74 సెకన్లు అక్కడివి. ఆ రాత్రి పావుగంటకొకసారి మా డేటాబేస్‌లో కాలం నిమిషానికి పైగా వెనక్కి దూకుతూనే ఉంది.

మరొక కాపలా కూడా ఉంది. లైనక్స్ కెర్నల్ టీఎస్‌సీని గుడ్డిగా నమ్మదు. అర సెకనుకొకసారి ఇంకో గడియారంతో పోల్చి చూస్తుంది, తేడా ఎక్కువుంటే టీఎస్‌సీ నిలకడగా లేదని ప్రకటించి పక్కన పెడుతుంది. మా కెర్నల్‌లో ఆ హద్దు 62.5 మిల్లీసెకన్లు. అర సెకనులో 8.3 శాతం అంటే 42 మిల్లీసెకన్లు కూడా లేదు. హద్దుకు లోపలే ఉంది కాబట్టి కాపలాదారు చూసి కూడా ఊరుకున్నాడు. ఈ లెక్క వేసి చూసుకున్న రోజున నాకు నిజంగా వెన్ను జలదరించింది. రక్షణ ఉందన్న ధీమాతో మేము వెతకని చోట, ఆ రక్షణకు సరిగ్గా అందనంత తప్పు కూర్చుని ఉంది.

గెస్ట్‌కు కౌంటర్ చదివే స్వేచ్ఛ ఉండాలి. ఆ కౌంటర్ వేగం ఎంతో చెప్పే బాధ్యత మాత్రం హోస్ట్‌ది కావాలి, ఎందుకంటే గెస్ట్ ఎక్కడ నడుస్తోందో తెలిసింది హోస్ట్‌కే. ఈ రెంటినీ కలిపేదే పారావర్చువల్ గడియారం. కేవీఎం అనే హైపర్‌వైజర్ మీద కేవీఎం క్లాక్, జెన్ మీద జెన్ గడియారం, హైపర్-వీ మీద రెఫరెన్స్ టీఎస్‌సీ పేజీ. పేర్లు వేరైనా ఆలోచన ఒకటే.

కేవీఎం క్లాక్‌ను కొంచెం దగ్గరగా చూపిస్తాను, నాకు అది చాలా ముచ్చటైన ఏర్పాటు. గెస్ట్ మెమరీలో చిన్న చోటును హోస్ట్‌తో పంచుకుంటారు. గుమ్మం పక్కన వేలాడదీసిన పలక అనుకోండి. హోస్ట్ ఆ పలక మీద మూడు సంగతులు రాస్తుంది. టీఎస్‌సీ ఫలానా అంకె దగ్గర ఉన్నప్పుడు వేళ ఇంత. టీఎస్‌సీ తేడాను నానోసెకన్లుగా మార్చడానికి గుణకం ఇంత. ఈ పలక వెర్షన్ సంఖ్య ఇంత. గెస్ట్‌కు వేళ కావాలంటే టీఎస్‌సీ చదివి, పలక మీది అంకెను తీసేసి, గుణకంతో హెచ్చించి, పలక మీది వేళకు కలుపుకుంటుంది. హోస్ట్‌ను అడిగే పనే లేదు. మరి గెస్ట్ చదువుతుండగానే హోస్ట్ పలక దిద్దితే? దానికే వెర్షన్ సంఖ్య. హోస్ట్ రాయడం మొదలుపెట్టేటప్పుడు దాన్ని బేసి సంఖ్య చేస్తుంది, ముగించాక సరి సంఖ్య చేస్తుంది. గెస్ట్ చదివే ముందూ చదివాకా సంఖ్యను చూస్తుంది. బేసి అయినా, రెండుసార్లకు మధ్య మారినా, మళ్లీ మొదటి నుంచి చదువుతుంది. తాళం లేదు, నిరీక్షణ దాదాపు లేదు. గెస్ట్ కొత్త హోస్ట్‌కు తరలితే, ఆ హోస్ట్ తన వేగానికి తగిన గుణకంతో పలకను తిరగరాస్తుంది. మా మెషీన్ ఆ రాత్రి ఈ గడియారం మీద ఉండి ఉంటే ఏమీ జరిగేది కాదు. ముందు అది దాని మీదే ఉండేది. కొన్ని నానోసెకన్లు మిగులుతాయని టీఎస్‌సీకి మార్చింది నేనే.

టీఎస్‌సీని నేరుగా వాడడం ఎప్పుడూ తప్పే అని నేను అనడం లేదు. ఈ తరం ప్రాసెసర్లలో టీఎస్‌సీ వేగం మారదు, ప్రాసెసర్ నిద్రలోకి పోయినా ఆగదు. దీన్ని ఇన్వేరియంట్ టీఎస్‌సీ అంటారు. హైపర్‌వైజర్ ఆ హామీని గెస్ట్‌కు కూడా అందిస్తే, లైనక్స్ కెర్నలే కేవీఎం క్లాక్ కంటే టీఎస్‌సీకి పెద్దపీట వేస్తుంది. ఆ మొగ్గును అంకెల్లో చూడవచ్చు. కెర్నల్ ప్రతి క్లాక్ సోర్స్‌కు ఒక రేటింగ్ ఇస్తుంది. టిక్కుల లెక్కకు 1, ఏసీపీఐకి 200, హెచ్‌పెట్‌కు 250, టీఎస్‌సీకి 300, కేవీఎం క్లాక్‌కు 400. హామీ ఉన్నప్పుడు మాత్రం కేవీఎం క్లాక్ 299కి దిగి, టీఎస్‌సీకి దారి ఇస్తుంది. కేవీఎంతో కలిసి గెస్ట్‌ను నడిపే క్యూఎమూ ప్రోగ్రామ్‌లో ఈ హామీ ఇవ్వాలంటే టీఎస్‌సీ వేగాన్ని కూడా స్పష్టంగా రాయాలి, లేదంటే ఆ గెస్ట్‌ను తరలించడానికి వీలుండదు. ఈ పట్టింపు అవసరమైనదే. హామీ ఇచ్చేవారు దాన్ని నిలబెట్టుకోగలగాలి. అందుకే కెర్నల్ తనంతట ఎంచుకున్నదాన్ని చేత్తో మార్చే ముందు, అది ఎందుకు ఎంచుకుందో తెలుసుకోండి.

కాపలాదారు గురించి ఇంకొక్క మాట. వర్చువల్ మెషీన్‌లో దాని ప్రవర్తన తారుమారు కూడా కావచ్చు. టీఎస్‌సీని ఒకసారి చదివి, హెచ్‌పెట్‌ను చదివేలోపు హైపర్‌వైజర్ గెస్ట్‌ను పక్కన పెట్టిందనుకోండి. రెండింటి మధ్య తేడా కనిపిస్తుంది. నేరం టీఎస్‌సీ మీద పడుతుంది, కెర్నల్ హెచ్‌పెట్‌కు మారిపోతుంది, యంత్రం మొత్తం నెమ్మదిస్తుంది. తర్వాతి కెర్నల్‌లలో అనుమానం వస్తే మళ్లీ చదివి చూసే జాగ్రత్త చేర్చారు, హద్దునూ బిగించారు. కాబట్టి టీఎస్‌సీ నిలకడగా లేదన్న సందేశం లాగ్‌లో కనిపిస్తే, ముందు ఆ సమయంలో హోస్ట్ మీద ఎంత భారం ఉందో చూడండి.

ఏఆర్ఎం రకం ప్రాసెసర్లున్న యంత్రాల్లో ఈ కథ చాలా చిన్నది. అక్కడ గెస్ట్‌ను దృష్టిలో పెట్టుకుని, ప్రాసెసర్ వేగంతో సంబంధం లేని కౌంటర్‌ను, హోస్ట్ అమర్చే తేడాతో సహా హార్డ్‌వేర్‌లోనే పెట్టారు. గెస్ట్‌గా విండోస్ నడిపేవారు హైపర్-వీ గడియారాన్ని చూపించండి, హెచ్‌పెట్‌ను తీసేయండి. కేవీఎం మీద కూడా విండోస్‌కు హైపర్-వీ గడియారమే చూపించవచ్చు.

ఇంతవరకు చెప్పింది గడియారం నడక గురించి. ఇప్పుడు దిద్దుబాటు. ప్రపంచంలో ఏ స్ఫటికమూ ఖచ్చితంగా నడవదు. పది లక్షలకు ఒక వంతు తప్పితే రోజుకు 86.4 మిల్లీసెకన్లు. 50 వంతులు తప్పితే 4 సెకన్లకు పైనే. ఎవరో ఒకరు దిద్దుతూ ఉండాలి, ఆ దిద్దే చేయి ఒక్కటే కావాలి. గెస్ట్‌లో ఎన్‌టీపీ నడుస్తుంటుంది, హైపర్‌వైజర్ తాలూకు అనుబంధ సాధనం కూడా హోస్ట్ వేళను తెచ్చి పెడుతుంటుంది. ఒకటి మెల్లగా లాగుతుంటే ఇంకోటి ఒక్కసారిగా నెడుతుంది. ఎన్‌టీపీ తాను నేర్చుకున్న వేగపు సవరణ తప్పని భావించి కొత్తది నేర్చుకోవడం మొదలుపెడుతుంది. రెండూ సరైన వేళే చెబుతున్నా, గెస్ట్ గడియారం ఊగిసలాడుతూనే ఉంటుంది. ఒకటి ఉంచి ఒకటి ఆపండి. ఏది ఉంచాలో అడిగితే, హోస్ట్‌లో ఎన్‌టీపీ బాగా నడుస్తున్నప్పుడు కేవీఎం గెస్ట్‌కు పీటీపీ కేవీఎం డ్రైవర్ చక్కని దారి. 2017లో లైనక్స్ 4.11తో వచ్చింది. హోస్ట్ గడియారం గెస్ట్‌లో ఒక పరికరంలా కనిపిస్తుంది, గెస్ట్‌లో క్రోనీ అనే వేళ దిద్దే ప్రోగ్రామ్ దాన్ని చూసి నిదానంగా దిద్దుకుంటుంది. నెట్‌వర్క్ ఆలస్యాల గొడవ లేదు, దిద్దే చేయి క్రోనీది ఒక్కటే.

స్నాప్‌షాట్‌గా భద్రపరిచిన స్థితి నుంచి లేచిన గెస్ట్ విషయం వేరుగా ఆలోచించాలి. ఆగిన కాలం దానికి తెలియదు. మూడు గంటలు ఆపి లేపితే మూడు గంటల వెనకే ఉంటుంది. చాలా లైనక్స్ పంపిణీల్లో క్రోనీ, సేవ మొదలైన తర్వాత మొదటి మూడు సవరణల్లోనే గడియారాన్ని ఒక్కసారిగా దూకించడానికి ఒప్పుకుంటుంది. ఆ తర్వాత మెల్లగానే లాగుతుంది. తరచూ ఆపి లేపే మెషీన్లలో ఆ హద్దు తీసేయండి. డేటాబేస్ మెషీన్‌లో మాత్రం తీయకండి, దాన్ని ఆపి లేపే అలవాటే మానుకోండి. ప్రోగ్రామ్‌లు రాసేవారు ఇక్కడ ఉంటే వారికి నా విన్నపం: ఎంతసేపు పట్టిందో కొలవడానికి తేదీ, గంట చెప్పే గోడ గడియారపు వేళను వాడకండి, ఎప్పుడూ వెనక్కి పోని మోనోటోనిక్ గడియారాన్ని వాడండి. మా డేటాబేస్ ప్రోగ్రామ్‌లో గడువులన్నీ గోడ గడియారంతో లెక్కవేసి ఉండడం వల్లే, వెనక్కి దూకిన ప్రతిసారీ కొన్ని అభ్యర్థనలు నిమిషానికి పైగా బిగుసుకుపోయాయి.

సభలో ఒకరు: కంటైనర్లకు కూడా ఇవన్నీ వర్తిస్తాయా?

లేదు. కంటైనర్ అంటే విడిగా వేరుచేసి నడిపే ప్రోగ్రామే, అది హోస్ట్ కెర్నల్‌నే వాడుతుంది, గడియారమూ అదే. లైనక్స్ 5.6తో టైమ్ నేమ్‌స్పేస్ వచ్చింది గాని, అది మోనోటోనిక్, బూట్ గడియారాలకు కొంత తేడా కలిపి చూపిస్తుంది అంతే. గోడ గడియారాన్ని ముట్టుకోదు. కంటైనర్ ఒక వర్చువల్ మెషీన్ లోపల ఉంటే, ఆ మెషీన్ గడియారాన్ని చూసుకోండి.

ఇంకొకరు: కొత్త హోస్ట్‌లు వచ్చినప్పుడు ఏం పరీక్షించాలి?

నేను ఇప్పుడు చేసేది చెబుతాను. ముఖ్యమైన పనేదీ లేని ఒక గెస్ట్‌ను లేపి, వేళ దిద్దే సేవను ఆపేస్తాను. బయటి యంత్రంతో దాని తేడాను నిమిషానికొకసారి రాసుకుంటాను. అరగంట తర్వాత దాన్ని కొత్త హోస్ట్‌కు తరలిస్తాను, ఇంకో అరగంట రాసుకుని వెనక్కి తెస్తాను. తేడాల గీత గీస్తే, తరలింపు దగ్గర చిన్న మెట్టు ఉండవచ్చు, అది సహజం. మెట్టుకు ముందూ తర్వాతా గీత వాలు ఒకేలా ఉందా అన్నదే చూస్తాను. మెట్టును క్రోనీ సర్దుకుంటుంది. వాలు మారితే ఆ హోస్ట్‌ను వాడుకలోకి తీసుకోను, దాని మీద టీఎస్‌సీ స్కేలింగ్ ఉందో లేదో, గెస్ట్ ఏ క్లాక్ సోర్స్ మీద ఉందో తేలే వరకు.